అర మిల్లీమీటరు గీతలో మా వంటిల్లు

ఈ మధ్య ఒక శనివారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. "ఏం రా, మన వంటిల్లు మనది కాదంటున్నరు" అన్నాడు. నిద్రమత్తులో ఏదో జోకనుకున్నా. కాదు.

విషయం ఏంటంటే, పైన ఇంకో అంతస్తు వేద్దామని నాన్న బ్యాంకులో లోనుకి పెట్టాడు. బ్యాంకు లాయరు కాగితాలన్నీ చూసి ఒక ప్రైవేటు సర్వేయర్ని పంపించాడు. ఆయన చేతిలో జీపీయస్ మెషీను పట్టుకుని ఇంటి నాలుగు మూలలూ తిరిగి, ఆ కొలతల్ని ఆన్‌లైన్లో ఉన్న గ్రామ పటం మీద పెట్టి చూశాడు. మా ఇంటి వెనక భాగం 12 అడుగులు పక్క సర్వే నంబర్లోకి వెళ్ళిపోయింది. 30 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు. అంటే 40 గజాలు. మా ప్లాటు మొత్తం కలిపితే 200 గజాలు! ఆ నలభైలోనే వంటిల్లూ, బాత్రూమూ, అమ్మ తులసికోటా ఉన్నాయి.

హైదరాబాద్ తూర్పు శివార్లలో నాన్న ఆ ప్లాటు కొన్నది 1992లో. నేను అప్పటికి పుట్టనే లేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఇంటి పన్ను కడుతున్నాం. కరెంటు మీటరుంది, నల్లా ఉంది. ఇవన్నీ ఉన్నాయి గానీ లోను మాత్రం ఆగిపోయింది.

నేను ఏమన్నానో తెలుసా? "దీంట్లో ఏముంది నాన్నా, డేటాలో తప్పుంది. ఒక అర్జీ పెడితే సరిచేస్తారు" అన్నా. ఆరేళ్ళుగా ఆఫీసులో చేస్తున్న పని అదే మరి. ఎక్కడో తప్పు దొరుకుతుంది, సరిచేస్తాం, మళ్ళీ రన్ చేస్తాం, ఇంటికెళ్తాం. నాన్న ఒకటే మాటన్నాడు. "ఇది నీ కంప్యూటర్ కాదు బిడ్డా. ఎనకింటి టీచరమ్మకు ఏం చెప్పాలె?"

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత మూడు నెలలు ఆఫీసుల చుట్టూ, పాత పుస్తకాల చుట్టూ తిరిగాక అర్థమైంది. ఈ పటాలు ఎక్కడ పుట్టాయి, ఎందుకు తప్పుతాయి, సరిచేయడం ఎందుకంత కష్టం అని నేను తెలుసుకున్నదంతా ఈ టపాలో రాస్తున్నా. నాలాగే నగరం శివార్లలో ప్లాటో ఇల్లో ఉన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కదా, ఎవరికైనా పనికొస్తుంది.

పటం ఎందుకు గీశారు?

మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇదే. మన రెవెన్యూ పటాలు ఎవరి భూమి ఎంతవరకు అని తేల్చడానికి గీసినవి కావు. శిస్తు వసూలు చేయడానికి గీసినవి. ఏ చెక్క ఎన్ని ఎకరాలు, తరీయా ఖుష్కీయా, పన్ను ఎవరు కడతారు.. సర్కారుకి కావాల్సింది ఇంతే. పక్కపక్క రైతుల మధ్య గట్టు రెండడుగులు అటూ ఇటూ అయినా శిస్తులో పెద్ద తేడా రాదు.

సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత, 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో నిజాం రాజ్యంలో పొలాల సర్వే ఊపందుకుంది. పద్ధతి పక్కనున్న బొంబాయి ప్రెసిడెన్సీ నుంచి తెచ్చుకున్నారు. దాని గొలుసు 33 అడుగులు, గొలుసుకి 16 అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే అదే గుంట. 33 ఇంటూ 33.. 1089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. నలభై గుంటలైతే ఎకరం. మనం ఈరోజుకీ "గుంటకి నూట ఇరవైయొక్క గజాలు" అని లెక్కేసుకుంటున్నది ఆ ఇనప గొలుసు పుణ్యమే.

ఆంధ్ర వైపు మద్రాసు పద్ధతి. అక్కడ 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు, ఎకరానికి 100 సెంట్లు. అందుకే మన రెండు రాష్ట్రాల మధ్య ఒక చిత్రమైన గొడవ ఉంది. రికార్డులో 1.20 అని ఉంటే గుంటూరులో అది ఎకరం ఇరవై సెంట్లు. నల్గొండలో అదే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర! చుక్క తర్వాత ఉన్న అంకెని దశాంశం అనుకుని ఎక్సెల్ షీట్లో కూడికలు చేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, విషయానికొస్తే. తెలంగాణలో సర్వే చేసినవాళ్ళు పొలంలో నిలబడి ఒక చిత్తు పటం వేసేవాళ్ళు. దాన్ని టిప్పన్ అంటారు. అది స్కేలుకి గీసింది కాదు. మధ్యలో ఒక ఆధార రేఖ, దాని నుంచి అటూ ఇటూ మలుపులకి ఎంత దూరమో అంకెలు వేసి ఉంటాయి. ఆంధ్రలో ఈ పనికి ఎఫ్ఎంబీ అనే పుస్తకం ఉంటుంది. తర్వాత ఈ టిప్పన్లన్నీ చేర్చి ఊరంతటికీ ఒక పటం గీశారు. అదే గ్రామ పటం. ఏ నంబరు ఎవరిది, ఎంత విస్తీర్ణం అన్నది సేత్వార్ అనే రిజిస్టర్లో రాశారు.

మన భాషలో చెప్పాలంటే టిప్పన్లోని అంకెలు అసలు సోర్సు. గ్రామ పటం దాన్నుంచి వచ్చిన అవుట్‌పుట్. ఇప్పుడు ఆన్‌లైన్లో కనిపించేది ఆ అవుట్‌పుట్‌కి ఫొటో. మనం ఆ ఫొటోని జూమ్ చేసి, ఇక్కడ మీ వంటిల్లు పక్కవాడిది అంటున్నాం.

మా ఊరి గ్రామ పటం మైలుకి 8 అంగుళాల స్కేలు. లెక్క వేయండి. మైలుకి 63,360 అంగుళాలు, ఎనిమిదితో భాగిస్తే 7,920. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 7.92 మీటర్లు. దాదాపు 26 అడుగులు. కాగితం మీద పెన్ను గీత మందం అర మిల్లీమీటరు ఉంటే, ఆ గీత ఒక్కటే నేల మీద 13 అడుగులు!

మా వివాదం 12 అడుగులు. అంటే మా వంటిల్లు మొత్తం ఆ గీత లోపలే ఉంది. ఈ లెక్క వేసిన రాత్రి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సర్వేయరు మెషీను సెంటీమీటర్లలో కొలిచింది నిజమే. కానీ పోల్చి చూసింది పదమూడడుగుల మందం ఉన్న గీతతో.

నగరం వచ్చాక

పొలాల కోసం గీసిన పటాల్లో ఊరు ఉండే చోటు ఖాళీగా ఉంటుంది. ఆంధ్రలో గ్రామకంఠం, ఇక్కడ ఆబాదీ. ఇళ్ళకి భూమి శిస్తు లేదు, కాబట్టి లోపల ఏ ఇల్లు ఎవరిదో విడివిడిగా కొలవలేదు. నగరాలన్నీ ఈ ఖాళీ చోట్ల నుంచే పెరిగి పక్కనున్న పొలాలని మింగాయి.

హైదరాబాద్‌లో ఇళ్ళనీ వీధులనీ వివరంగా చూపించిన పాత పటాలంటే లియొనార్డ్ మన్ చేయించినవే. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి నగరాన్ని ఊడ్చేశాక, మళ్ళీ కట్టాలంటే ముందు ఏమున్నదో తెలియాలి కదా. మన్ పటాలు 1912-15 ప్రాంతంలో వచ్చాయి. నగరాభివృద్ధి బోర్డు ఏర్పడిందీ 1912లోనే. ఇప్పటికీ చెరువు ఎక్కడుండేది, నాలా ఎటు పోయేది అన్న చర్చ వస్తే ఆ పటాలు బయటికి తీస్తారు. చాలా అందమైన పటాలు. కానీ అవి కాలవలు, రోడ్లు, కట్టడాల కోసం. ఈ స్థలం ఎవరిది అన్న ప్రశ్నకి వాటిలో జవాబు వెతకలేం.

ఆ ప్రశ్నకి కాస్త దగ్గరగా వచ్చింది టౌన్ సర్వే. దీని వెనక ఉన్న చట్టం మద్రాసు ప్రెసిడెన్సీ 1923లో చేసింది, సర్వే - హద్దుల చట్టం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958లో దాన్ని తెలంగాణకీ విస్తరించారు. హైదరాబాద్‌లో ఈ చట్టం కింద టౌన్ సర్వే 1960లు, 70లలో జరిగింది. నగరాన్ని వార్డులుగా, బ్లాకులుగా విడగొట్టి ప్రతి స్థలానికీ ఒక టీఎస్ నంబరు ఇచ్చారు. వివరాలన్నీ టీఎస్ఎల్ఆర్ అనే రిజిస్టర్లో రాశారు.

ఈ చట్టంలో రెండు సెక్షన్లు మనం గుర్తుంచుకోవాలి. సర్వే పూర్తయిందని ప్రకటన వెలువడితే, 13వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులోని హద్దులు సరైనవేనని చట్టం ఖాయం చేస్తుంది. ఒప్పుకోనివాళ్ళు 14వ సెక్షన్ కింద ఆ ప్రకటన వచ్చిన మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకి వెళ్ళాలి. హద్దులు వేరు, హక్కు వేరు అని కోర్టులు చెబుతూనే ఉన్నాయనుకోండి. కానీ రిజిస్టర్లో ఓనరు గడిలో మన పేరు బదులు ఇంకొకటి పడితే, ఆ మూడేళ్ళు తెలియకుండా గడిచిపోతే, తర్వాత దాన్ని కదిలించడం ఎంత కష్టమో ఊహించుకోండి. సర్వే జరిగినప్పుడు ఇంట్లో లేనివాడు, నోటీసు చదవలేనివాడు, అద్దెకిచ్చి వేరే ఊరెళ్ళినవాడు.. వీళ్ళందరి గడుల్లో ఏం పడిందో ఎవరు చూశారు?

పైగా ఒకే నేలకి రెండు పేర్లు వచ్చాయి. పాత సర్వే నంబరొకటి, కొత్త టీఎస్ నంబరొకటి. ఈ రెండింటికీ జత కుదర్చడంలో ఎక్కడ తప్పు జరిగినా అది యాభై ఏళ్ళ తర్వాత ఎవరి మెడకో చుట్టుకుంటుంది.

హబ్సిగూడలో ఒక కేసు

రోజూ ఆ దారిన ఉప్పల్ వెళ్ళేవాళ్ళకి కూడా తెలియని కథ ఇది. 1930లలో నిజాం ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం హబ్సిగూడలో భూములు సేకరించింది. కొన్ని చెక్కలు ఆ సేకరణలో ఉన్నాయా లేదా, ఉంటే వాటిని ఎవరు అనుభవిస్తున్నారు అన్న గొడవ మొదలైంది. యూనివర్సిటీ 1956లో కోర్టుకెళ్ళింది, ఓడిపోయింది. తర్వాత ఆ భూమి వేరేవాళ్ళు కొనుక్కున్నారు. అప్పుడు ప్రభుత్వం 1905 నాటి ఆక్రమణల చట్టం కింద ఖాళీ చేయమని నోటీసులిచ్చింది.

1982లో సుప్రీంకోర్టు, తుమ్మల కృష్ణారావు కేసులో, దీని మీద తీర్పు చెప్పింది. భూమి ఎవరిదన్న దాని మీద నిజమైన వివాదం ఉన్నప్పుడు, అందులోనూ అన్నేళ్ళుగా అవతలివాళ్ళ అనుభవంలో ఉన్నప్పుడు, ప్రభుత్వం తన రికార్డు చూసుకుని తనే తీర్పరై ఖాళీ చేయించకూడదు, మామూలు కోర్టుకెళ్ళి తేల్చుకోవాలి అని. ఆక్రమణల కేసుల్లో ఇప్పటికీ లాయర్లు ఎత్తిచూపే తీర్పు ఇది. 1930లలో జరిగిన సేకరణ మీద 1982లో కూడా "ఇంకా తేలలేదు, కోర్టుకెళ్ళండి" అని చెప్పాల్సి వచ్చిందంటే, ఒక గీత తప్పో ఒప్పో తేలకపోతే ఎన్ని తరాలు నడుస్తుందో చూడండి.

కంప్యూటరు ఎక్కించాక

ఇక మన కాలానికొద్దాం. కంప్యూటరు ఎక్కించినప్పుడు తప్పులు పోతాయనుకున్నాం. కొన్ని కొత్తవి చేరాయి. నాకు బాగా నచ్చిన (నచ్చిన అనకూడదేమో) ఉదాహరణ ఒకటి చెప్తా. తెలంగాణలో ఒక సర్వే నంబరు ముక్కలైతే వాటికి 45/అ, 45/ఆ, 45/ఇ, 45/ఈ అని బై నంబర్లు వేస్తారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇవి ఏ, ఏఏ, ఈ, ఈఈ అక్షరాలయ్యాయి. ఇంగ్లీషు కాగితం మాత్రమే చూసేవాడికి 'ఈ' అంటే అయిదో ముక్క. నిజానికి అది మూడోది, మన 'ఇ'. ఎన్‌కోడింగ్ గొడవలు మన ప్రాజెక్టుల్లోనే ఉంటాయనుకున్నా ఇన్నాళ్ళూ.

తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. పని త్వరగా అవుతుందన్నది నిజమే, కానీ ఆ ఏడాది చట్టం రెవెన్యూ కోర్టుల్ని ఎత్తేసింది. రికార్డులో తప్పుంటే కింది ఆఫీసులో సరిచేసే దారి లేక జనం చాలా తిరిగారు. శివారు కాలనీల్లో ఇంకో బాధ. ఎప్పుడో ప్లాట్లు చేసి అమ్మేసిన భూమి రికార్డులో ఇంకా పాత పట్టాదారు పేరు మీద వ్యవసాయ భూమిగానే కనిపించడం. 2025లో భూభారతి చట్టం వచ్చి అప్పీళ్ళకి మళ్ళీ చోటిచ్చింది. ఆంధ్రలో 2020 డిసెంబర్ 21న డ్రోన్లు, రోవర్లతో రీసర్వే మొదలుపెట్టారు. కొలత కచ్చితంగా వచ్చింది. కానీ కొత్త విస్తీర్ణం పాస్‌బుక్కులో ఉన్నదానితో కలవక ఎన్నో ఊళ్ళలో ఫిర్యాదులొచ్చాయి.

ఎందుకిలా? మెషీను గోడ ఎక్కడ ఉందో చెప్తుంది. ఎక్కడ ఉండాల్సిందో దానికి తెలీదు. అది కాగితాల్లోనూ, రాళ్ళలోనూ, మనుషుల మాటల్లోనూ ఉంటుంది.

టీచరమ్మ గోడ

ఇప్పుడు నాన్న మాటకొస్తా. మా వెనకిల్లు ఒక రిటైర్డ్ టీచరు గారిది. మా గోడా ఆవిడ గోడా ఒకటే. పటం ప్రకారం మా వంటిల్లు ఉన్న పక్క సర్వే నంబరు ఆవిడ కాలనీది. పేరులో అక్షరం తప్పు దిద్దితే ఎవరికీ నష్టం లేదు. హద్దు గీత దిద్దితే అలా కాదు. మాకు కలిసే ప్రతి అడుగూ ఇంకొకరికి తగ్గుతుంది. నేను "ఒక అర్జీ పెడితే సరిచేస్తారు" అన్నప్పుడు ఆ అర్జీ అవతలి కొస ఆవిడ ఇంట్లో ఉందని నాకు తట్టనే లేదు. సరిచేసే ముందు చుట్టుపక్కలవాళ్ళకి నోటీసివ్వాలి, వాళ్ళ ముందే కొలవాలి అని నియమం ఉన్నది అందుకే. మొదట్లో అది జాప్యం అనుకుని తిట్టుకున్నా. అది లేకపోతే రేపు ఇంకెవరో మా వంటింటిని ఒక్క క్లిక్కుతో తీసుకెళ్ళేవాళ్ళు.

నాన్న, నేను ఆవిడ దగ్గరికెళ్ళి కాగితాలన్నీ ముందు పెట్టాం. ఆవిడకి విషయం అప్పటికే తెలుసు. ఎవరో "మీకు నలభై గజాలు కలిసొస్తుంది, కేసు వేయండి" అని సలహా కూడా ఇచ్చారట. "ముప్పై ఏళ్ళ నుంచి ఆ గోడ అక్కడే ఉందన్నా. నాకు తెలీదా?" అంది నాన్నతో. నావైపు తిరిగి, "కానీ బాబూ, నా గోడ కదలదని నువ్వు రాసివ్వగలవా?" అంది. న్యాయమైన ప్రశ్న.

మేం చేసిందేంటంటే, ఆన్‌లైన్ ఫొటోని పక్కన పెట్టి రెండు సర్వే నంబర్ల టిప్పన్ నకళ్ళకి దరఖాస్తు చేశాం. వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. ఆ ఊరి పెద్దాయన ఒకరు, ఒకప్పుడు అక్కడ పొలం చేసినాయన, చెట్టు మొదట్లో సగం పూడుకుపోయిన హద్దు రాయి చూపించాడు. దాన్నుంచి టిప్పన్ అంకెలు అణాల్లోంచి అడుగుల్లోకి మార్చి (స్ప్రెడ్‌షీట్ నాదే, రెండుసార్లు తప్పాను) సర్వేయర్ చేత అందరి ముందూ కొలిపించాం. 12 అడుగుల తేడా కాస్తా 2 అడుగులకి వచ్చింది. ఆ రెండడుగులు మాత్రం నిజంగానే అటువైపువి. లేఅవుట్ వేసినవాడు అప్పట్లో గట్టు చూసి గీత గీసుంటాడు.

రెండడుగులంటే 60 చదరపు అడుగులు, ఏడు గజాలు కూడా లేదు. టీచరమ్మా, నాన్నా గోడ ఉన్నచోటే ఉండాలని, అదే హద్దని కాగితం రాసుకుని రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ ఏడు గజాలకి డబ్బులిస్తామని నాన్న అంటే మొదట వద్దంది, నాన్న వినలేదు, ఇచ్చేశాడు. పటంలో గీత మార్చమని రెండు ఇళ్ళవాళ్ళం కలిసి అర్జీ పెట్టాం. అది ఇంకా నడుస్తోంది. లోనూ ఇంకా రాలేదు.

మరి మనం చేయాల్సిందేంటి?

2025 ఫిబ్రవరి 18న కేంద్రం 'నక్షా' పేరుతో పట్టణ భూముల సర్వే మొదలుపెట్టింది. తొలి విడతలో 26 రాష్ట్రాలు, 3 కేంద్రపాలిత ప్రాంతాల్లో 152 పట్టణాలు తీసుకున్నారు. అన్నీ రెండు లక్షల లోపు జనాభా ఉన్నవి, అందుకని హైదరాబాద్ అందులో లేదు. కానీ మనలో చాలామంది అమ్మానాన్నలు ఉండేది అలాంటి చిన్న పట్టణాల్లోనే కదా. ఆకాశం నుంచి ఫొటోలు తీస్తారు, కింద కొలుస్తారు, తర్వాత ముసాయిదా పటం పెట్టి అభ్యంతరాలు అడుగుతారు.

ఆ ముసాయిదా చూడండి. నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే. తప్పు చవగ్గా సరిదిద్దుకునే రోజులు అవే. అప్పుడు ఒక అర్జీతో, పక్కింటాయన్ని వెంటబెట్టుకెళ్తే పోయేది, ఒకసారి ఖాయమయ్యాక కోర్టులో తేలేసరికి మన పిల్లల కాలం వస్తుంది. 1960లలో టౌన్ సర్వే నోటీసు అంటించిన గోడ ముందు నుంచి ఎందరు చూడకుండా నడిచెళ్ళారో మనకి తెలీదు. ఇప్పుడు ఆ నోటీసు వచ్చే రోజున మనం బెంగళూర్లోనో డాలస్‌లోనో ఉంటాం. ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు.

సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు దస్తావేజులు బయటికి తీయండి. సర్వే నంబరు, టీఎస్ నంబరు ఉంటే అదీ, నాలుగు వైపులా హద్దులూ ఒక కాగితం మీద రాసుకోండి. టిప్పన్ లేదా ఎఫ్ఎంబీ నకలు తీసి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు వెనకింటివాళ్ళ ఫోన్ నంబరు తీసుకోండి. నా దగ్గర టీచరమ్మ గారి నంబరు ఇరవై ఎనిమిదేళ్ళుగా లేదు. ఇప్పుడుంది.